చందమామకు తామర

రొయ్యలు ఒలిచే షెడ్డు గుమ్మంలో సూపర్‌వైజర్ బంగార్రాజు ఫోను పట్టుకుని నిలబడ్డాడు. యజమాని మచిలీపట్నం నుంచి కొత్తగా తెప్పించిన ఏఐ యాప్ ఉందందులో. చెయ్యి ఫొటో తీస్తే చర్మానికి ఫంగస్ పట్టిందో లేదో చెప్పేస్తుందట. నాంచారమ్మ అరచెయ్యి చాపగానే తెర ఎర్రబడింది.

"తామర. రేపట్నుంచి రావద్దు," అంటూ బంగార్రాజు హాజరు పుస్తకంలో ఆమె పేరు పక్కన ఆ ముక్కే రాశాడు.

నాంచారమ్మకు ఒళ్ళు మండింది. ఆషాఢం రాగానే పెట్టుకున్న గోరింటాకు చందమామ అది. పది రోజులు రొయ్యలు ఒలిచేసరికి నడుమ అరిగిపోయి, అంచు మాత్రం తామర మచ్చలా గుండ్రంగా, ఎర్రగా మిగిలింది.

"గోరింటాకండీ బాబూ! కావాలంటే డాక్టరు గారి చేత గీరించి పరీక్ష చేయించండి."

"దానికి తెలీదా? లక్ష చేతులు చూసింది."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు! ఆ లక్షలో ఆషాఢమాసపు చేతులు ఎన్నున్నాయో మరి. దివిసీమలో ఒక షెడ్డులో తామరంటే పక్క షెడ్డు గడప కూడా ఎక్కనివ్వరు. పదిహేనేళ్ళ పని పోయినట్టే. నాంచారమ్మ ఏడుస్తూ కూచునే రకం కాదు. తిన్నగా తన ఇంటి పెరట్లోకి వెళ్ళి గోరింట చెట్టు సగం దూసేసింది.

సాయంత్రానికి షెడ్డు ఆడవాళ్ళంతా ఆవిడ రోటి చుట్టూ చేరారు.

"మా ఇంట్లో ఆషాఢం లేదు పిన్నీ, అయినా పెట్టు," అని ఒలిచేవాళ్ళలో చిన్నది, ఫిలిప్ కూతురు ప్రీతి చెయ్యి చాపింది.

ప్రతి అరచేతిలోనూ నడుమ ఖాళీ వదిలి సున్నా చుట్టింది నాంచారమ్మ.

పొద్దున్నే ఇరవై చేతులకూ ఇరవైసార్లు తెర ఎర్రబడింది. లోపల ఐసులో రెండు టన్నుల రొయ్యలున్నాయి. ఒలిచే చేతులన్నీ గుమ్మం బయటే.

"సరే సరే, లోపలికి పదండి."

"ఎలా వెళ్తామండీ? అందరికీ తామరాయె!"

"ఆటలాడకు నాంచారమ్మా. గోరింటాకని తెలుస్తూనే ఉందిగా!"

"నిన్న తెలీలేదా? నిన్న ఫోను చూశారు గానీ, నా చెయ్యి చూశారా?"

బంగార్రాజు హాజరు పుస్తకం తెరిచి తామర అన్న ముక్క కొట్టేశాడు. అయినా ఆవిడ కదల్లేదు.

"ఫోను ఎర్రగా చూపిస్తే డాక్టరు గారు గీరి చూడాలి. అప్పటిదాకా ఎవర్నీ మానిపించకూడదు. ఇదీ రాయండి."

ఐసు కరిగిన నీళ్ళు గుమ్మం దాకా వచ్చాయి. బంగార్రాజు పళ్ళు కొరుకుతూ రాసి, సంతకం కూడా పెట్టాడు. నాంచారమ్మ ఆ రాతను ప్రీతి చేత రెండుసార్లు గట్టిగా చదివించుకుని, అప్పుడు గడప దాటింది.