ఓబుళమ్మ పక్కకు నెట్టిన రాయి

నేను ఒక కడప బండ ముక్కను. ముక్కనని చెప్పుకోవడానికి నాకేమీ చిన్నతనం లేదు. నా అన్నదమ్ములు చదరంగా కోయించుకుని, నున్నగా అరగదీయించుకుని ఇళ్లలోకీ బడుల్లోకీ ఆఫీసుల్లోకీ వెళ్లిపోయారు. జనం వాళ్ల మీద నడుస్తారు, భోజనాలకు కూర్చుంటారు, ఎండాకాలం మధ్యాహ్నం చొక్కా విప్పేసి వాళ్ల మీదే పడుకుంటారు. ఆ భోగం నాకు దక్కలేదు. ఎర్రగుంట్ల దగ్గర గనిలో బండను పైకి లేపేటప్పుడు గడ్డపార వాలుగా దిగి ఒక మూల విరిగింది. ఆ మూలనే నేను. ఒక పక్క జానెడు మందం, ఇంకో పక్క అరచేతి మందమంత పలుచన. గోడకు పనికిరాను, నేలకు అసలే పనికిరాను. నన్ను గుట్టలోకి విసిరేసి ఎవరి పని వాళ్లు చూసుకున్నారు.

గుట్టలో పడి ఉన్న నన్ను లారీ డ్రైవరు మద్దిలేటి చూశాడు. కూలీలు బండలు ఎత్తుతుంటే అతను ఊరికే అటూ ఇటూ తిరుగుతున్నాడు. నన్ను కాలితో దొర్లించి, ఆ తర్వాత చేత్తో ఎత్తి తిప్పి చూసి, "ఇది చక్రం కిందికి శానా బాగుంటాదే" అన్నాడు. ఆ మాటతో నాకు ఉద్యోగం వచ్చింది. పెద్ద పరీక్షలు రాసినవాళ్లకు కూడా అంత తొందరగా రాదనుకుంటాను.

నా పనేమిటో చెబుతాను. ఘాటు రోడ్డులో బరువుతో ఎక్కుతున్న లారీ ఏ కారణం చేతనైనా ఆగితే వెనక్కి జారుతుంది. బ్రేకును నమ్మి కిందికి దిగే డ్రైవరు ఎవరూ ఉండరు. వెనక చక్రం కింద రాయి పెట్టాలి. నా పలుచని వైపు చక్రం కిందికి దూరుతుంది, మందం వైపు అడ్డం నిలుస్తుంది. మళ్లీ బయలుదేరేటప్పుడు డ్రైవరు లారీని కాస్త ముందుకు కదిలిస్తే క్లీనరు నన్ను లాగేసుకుని పరుగెత్తి లోపలికి ఎక్కుతాడు. ఇద్దరు మనుషులు చేసే పని అది. ప్రయాణమంతా డ్రైవరు సీటు కింద గోనెపట్టా మీద నా విశ్రాంతి.

ఒకసారి మద్దిలేటి లారీ కిందికి దూరి స్ప్రింగు పట్టీ సరిచేస్తున్నాడు. ఉన్నట్టుండి బండి కదిలింది. లోడు లోడంతా నా మీదికి వచ్చి ఆగింది. నా అంచు ఒకటి చిట్లింది కానీ నేను కదల్లేదు. మద్దిలేటి పాక్కుంటూ బయటికి వచ్చి, రోడ్డు పక్కన చాలాసేపు కూర్చుండిపోయాడు. తర్వాత లేచి నన్ను రెండు వేళ్లతో తాకి ఆ వేళ్లు కళ్లకద్దుకున్నాడు. అప్పటినుంచి అతని కాలు నాకు తగిలితే చాలు, వంగి కళ్లకద్దుకోకుండా ముందుకు పోయేవాడు కాదు. ఆయుధపూజ వస్తే జాకీకీ పానాలకూ పెట్టినట్టే నాకూ పసుపు రాసి కుంకుమబొట్లు పెట్టి ఊదుబత్తి తిప్పేవాడు. లారీ యజమాని మీద కూడా అతనికి అంత భక్తి ఉండేది కాదు. ఆయన ఎదురుగా మాత్రం ఉన్నట్టు కనిపించేవాడు.

ఇలా సాగుతుండగా క్లీనరు వేరే బండికి వెళ్లిపోయాడు. యజమాని ఇంకొకణ్ణి పెట్టలేదు. "నువ్వొక్కనివే నెట్టుకు రారాదా" అన్నాడు. నెట్టుకు రావలసింది లారీనో, నన్నో, తన బతుకునో మద్దిలేటి అడగలేదు.

దసరా అయిపోయిన కొన్నాళ్లకు తెల్లవారుజామున రాయచోటి వైపు ఘాటు ఎక్కుతున్నాం. ఇంజను వేడెక్కిపోతే ఒక మలుపు దగ్గర ఆపి, నన్ను చక్రం కింద పెట్టి, నీళ్లు పోశాడు మద్దిలేటి. అంతా అయ్యాక బండి తీశాడు. లారీ ముందుకు కదిలింది, నేను రోడ్డు మీద మిగిలాను. ఒంటరి డ్రైవరుకు ఇక్కడే వస్తుంది చిక్కు. ఎక్కుడులో కదిలిన బండిని ఆపి నాకోసం దిగాలంటే, దాన్ని ఆపడానికి మళ్లీ ఇంకో రాయి కావాలి. మద్దిలేటి కిటికీలోంచి తల బయటపెట్టి నా వైపు చూశాడు. మళ్లీ ముందుకు చూశాడు. పైన చదునులో ఆపి నడిచి వస్తాడనుకున్నాను. రాలేదు.

అప్పుడే కిందనుంచి ఓబుళమ్మ మోపెడ్ వచ్చింది. ఘాటు కింద ఊళ్లో కొనుక్కున్న పూలు వెనక మూటలు కట్టుకుని, తెల్లారేసరికి రాయచోటి అంగడికి చేర్చే మనిషి. ఆ దారి ఆమెకు కొత్త కాదు. భర్త పోయినప్పటినుంచి ఇల్లు ఆ మోపెడ్ మీదే నడుస్తోంది. మలుపు తిరిగేసరికి ముందు లారీ వెనక దీపం కనిపించింది, ఆ వెంటనే నేను కనిపించాను. తప్పించబోయింది. ముందు చక్రం నా అంచును కొట్టింది. నాకు కాళ్లుంటే ఆ క్షణంలో తప్పుకునేదాన్ని.

బండి ఆమె కాలి మీద పడింది. "అమ్మా" అని ఒక్కసారి అరిచింది. రోడ్డంతా చామంతులు. మోకాలి కింద ఎముక విరిగిన చప్పుడు నేను విన్నాను, రాళ్లు విరిగే చప్పుడు తెలిసినదాన్ని కాబట్టి గుర్తుపట్టాను. అంతలో కింద మలుపులో ఇంకో బండి శబ్దం వినబడింది. ఓబుళమ్మ తల తిప్పి నన్ను చూసింది. మోపెడ్ కిందనుంచి కాలు లాక్కుని, మోచేతుల మీద పాక్కుంటూ నా దగ్గరికి వచ్చి, రెండు చేతులతో నన్ను రోడ్డు పక్క కాలవలోకి నెట్టేసింది. అప్పుడు గానీ సొమ్మసిల్లలేదు.

నన్ను విసిరేసినవాళ్లున్నారు, ఎత్తుకున్నవాళ్లున్నారు, పూజ చేసినవాళ్లున్నారు. కాలు విరిగి పడి ఉండి, వెనక వచ్చే మొహం తెలియని మనిషి కోసం నన్ను పక్కకు జరిపినవాళ్లను మాత్రం ఆమెనే చూశాను. మనుషుల మీద నాకు గౌరవమంటూ కలిగితే అది ఆ కాలవలో పడి ఉన్నప్పుడే కలిగింది.

ఆ వచ్చిన బండి ఘాటు పైన టీకొట్టు పెట్టుకున్న రెడ్డెయ్యది. మొహాన నీళ్లు కొట్టి లేపితే ఓబుళమ్మ ముందుగా తన అరచేతులు చూసుకుంది. వాటికి కుంకుమ అంటి ఉంది.

"అన్నా, కాలవలో రాయి ఉండాది. పారేయాకు, దాచిపెట్టు. ఎవురో లారీవోళ్లు పూజ చేసుకున్న రాయి అది" అంది.

రెడ్డెయ్య ఆమెను ఆసుపత్రికి పంపించి, నన్ను టీకొట్టుకు తీసుకుపోయాడు. మాట నిలబెట్టుకున్నాడు. అతని భార్య ఇంకొంచెం ఎక్కువే నిలబెట్టింది. పూజ రాయికి బురద అంటిందని బాధపడి, కొబ్బరిపీచుతో తోమి, పసుపూ కుంకుమా ఏమీ మిగలకుండా శుభ్రంగా కడిగి, బల్ల కింద బోర్లించింది. సాక్ష్యాన్ని అంత శ్రద్ధగా కాపాడినవాళ్లు ఇంకెక్కడా ఉండరు.

పోలీసులు వచ్చి రోడ్డు ఫోటోలు తీసుకున్నారు. ఫోటోల్లో చామంతులున్నాయి, నేను లేను. ఆ వేళకు ఘాటు ఎక్కి తమ కొట్టు ముందునుంచి పోయిన బండల లారీ ఏదో రెడ్డెయ్య భార్య చెబితే మద్దిలేటిని పిలిచి అడిగారు. దారిలో ఎక్కడా ఆగలేదని చెప్పాడు. అలా చెప్పమన్నది యజమాని. అలాగేనన్నది మద్దిలేటి.

ఓబుళమ్మ కాలికి లోపల కడ్డీ వేశారు. మోకాలు ఇక పూర్తిగా మడవదన్నారు. చూడ్డానికి వచ్చినవాళ్లు మంచం పక్కన కూర్చుని, "ఆడమనిషికి ఘాట్లో బండి ఎందుకమ్మా" అని జాలిపడి పోయేవారు. కాలికన్నా ఆ జాలే ఆమెకు ఎక్కువ నొప్పి పెట్టింది. బండి నడపడం రాక పడిపోయిందన్న మాట నిలిచిపోతే పరిహారం రాదు, పక్క చక్రాలున్న బండి రాదు, పూల బేరం ఉండదు. అన్నిటికన్నా ముందు, తన చేతగానితనం వల్లే పడిందని రాసిపెట్టి ఉంటుంది. అది తుడిపించుకోవడానికే ఆమె ప్రమాదాల కోర్టుకు వెళ్లింది.

ఆమె తరఫు లాయరు ఖైరున్నీసా. గట్టి మనిషి, దాపరికం తెలియదు. "నువ్వు ఆ రాయిని అక్కడే వదిలేసి ఉంటే మన పని సులువయ్యేది" అంది.

"వదిలేసుంటే ఇంకొకరు పడుండ్రి మేడమ్. అప్పుడు మీకు రెండు కేసులు చూసుకునే పని పడుండు" అంది ఓబుళమ్మ.

లాయరమ్మ నవ్వి, మళ్లీ నవ్వు ఆపుకుని కాగితాల్లోకి చూసింది.

నన్ను గోనెసంచిలో కోర్టుకు తెచ్చారు. సంచి విప్పగానే నాకు చుట్టాల ఇంటికి వచ్చినట్టనిపించింది. నేలంతా మావాళ్లే. గోడ పక్క అరుగూ మావాళ్లే. సాక్షి నిలబడే బోనుకు ఎక్కే మెట్టు కూడా కడప బండే. అంత మంది బంధువుల మధ్య, అంచులు చిట్లిన మూలముక్కను, నేనొక్కదాన్నే ముద్దాయిలా నేల మీద కూర్చున్నాను.

ఇన్సూరెన్సు వాళ్ల లాయరు చెడ్డవాడేమీ కాదు, తన పని తను బాగా చేశాడు. రోడ్డు మీద రాయి ఉన్నట్టు ఒక్క ఫోటో కూడా లేదన్నాడు. టీకొట్టు బల్ల కిందనుంచి తెచ్చిన రాయి ఏ కొండ మీదిదైనా కావచ్చన్నాడు. కుంకుమ ఉందంటున్నారు, ఏదీ చూపించమన్నాడు. రెడ్డెయ్య భార్య వెనక బల్ల మీద కూర్చుని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఓబుళమ్మ చేతికర్ర మీద రెండు చేతులూ ఆనించి నేలనే చూస్తోంది. ఆ ముఖం చూస్తే నాకు మొదటిసారి పగిలిపోవాలనిపించింది.

మద్దిలేటిని పిలిచారు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చాడు. చిక్కిపోయాడు. మెట్టు తొక్కి బోనెక్కాడు. ఆ రోజు ఎక్కడా ఆగలేదని చెప్పాడు. ఈ రాయిని ఎప్పుడైనా చూశావా అంటే, చూడలేదన్నాడు. చెప్పేటప్పుడు నా వైపు తిరగలేదు. ఖైరున్నీసా అడగాల్సినవన్నీ అడిగింది. అన్నిటికీ అదే జవాబు. జడ్జిగారు ఇక వెళ్లమన్నారు.

బోను దిగుతూ మెట్టు పక్కనే ఉన్న నన్ను చూసుకోలేదు మద్దిలేటి. కాలి వేలు నాకు తగిలింది. తగలగానే వంగాడు. రెండు వేళ్లతో నన్ను తాకాడు. కళ్లకద్దుకున్నాడు.

తానేం చేశాడో అతనికింకా తెలియదు. రెండడుగులు వేశాడు కూడా.

"కాస్త ఆగు" అంది ఖైరున్నీసా. జడ్జిగారి అనుమతి తీసుకుని అతణ్ణి మళ్లీ బోనెక్కించింది. "ఇప్పుడు ఏం చేసినావు?"

"కాలు తగిలింది మేడమ్."

"కాలు తగిలితే?"

"దండం పెట్టుకున్యా."

ఇన్సూరెన్సు లాయరు లేచి, కాలు తగిలితే దండం పెట్టడం మన జనానికి అలవాటేనన్నాడు. ఆమె కాదనలేదు.

"ఈ మెట్టు కూడా కడప బండే కదా. దాన్ని రెండుసార్లు తొక్కి ఎక్కినావు, ఒకసారి తొక్కి దిగినావు. ఈ నేలంతా అదే బండ. దేనికీ దండం పెట్టలేదే. ఎప్పుడూ చూడని ఈ రాయి ఒక్కదానికే ఎందుకు పెట్టినావు?"

జడ్జిగారు కలం కింద పెట్టి అతని ముఖంలోకి చూస్తున్నారు. వెనక బల్లల మీద యజమాని దగ్గాడు. మద్దిలేటి ఆ దగ్గు విన్నాడు. విని, ఓబుళమ్మ కాలి వైపు చూశాడు.

"నాదే సామీ ఈ రాయి" అన్నాడు చివరికి. "నా పానం కాపాడింది. దాన్ని రోడ్డు మీద ఇడిసిపెట్టింది కూడా నేనే. పైకి పోయినాక ఎనక్కి నడిచి రావాలనుకున్యా, మళ్లా లోడుకు ఆలిస్యమైతాదని రాలేదు. ఆయమ్మది ఏం తప్పు లేదు."

ఉద్యోగం పోతుందని తెలిసి చెప్పిన మాట అది. నాకు తెలిసి ఆ గదిలో ఎవరూ అతణ్ణి బలవంతం చేయలేదు. అలవాటుగా పెట్టిన దండమేనని బుకాయించి ఉంటే చెల్లిపోయేది కూడా. చక్రం కింద అడ్డంగా నిలబడటం నాకు బరువైన పనేమీ కాదు, రాయిని కాబట్టి. అదే పని మనిషి చేస్తే ఎంత బరువో ఆ రోజు చూశాను.

తీర్పు వచ్చింది. ఓబుళమ్మ అజాగ్రత్త ఏమీ లేదని, రోడ్డు మీద రాయి వదిలిన లారీదే తప్పని, ఇన్సూరెన్సు వాళ్లు పరిహారం ఇవ్వాలని రాశారు. లాయరమ్మ చదివి వినిపిస్తుంటే ఓబుళమ్మ ఆ మొదటి మాట దగ్గర ఆపి ఇంకోసారి చదివించుకుంది. తర్వాతవి అంత శ్రద్ధగా విన్నట్టు లేదు.

అప్పీలు గడువు తీరాక కోర్టు బంట్రోతు నన్ను వరండాలో పెట్టి, ఈ రాయి ఎవరు తీసుకుపోతారని అడిగాడు. మద్దిలేటి వచ్చి స్తంభం పక్కన నిలబడి ఉన్నాడు. పాత యజమాని తీసేశాడు, ఇంకో చోట బండి దొరికింది. నోరు తెరిచి అడగలేక ఓబుళమ్మ వైపు చూశాడు.

"తీస్కపోన్నా, నీదే కదా" అంది ఓబుళమ్మ. కర్ర చివరతో నా నడుము చుట్టూ ఒక గీత గీసి చూపించింది. "ఈడ తాడు కట్టి బండి ఎనకాల ముడేసుకో. బండి కదిలితే అదే నీ ఎంట వచ్చాది. పైన చదును కాడ ఆపి తీసుకోవచ్చు."

మద్దిలేటి తలూపాడు. ఆమెకు దండం పెట్టబోతే, "రాయికి పెట్టుకో, సాలు" అంది.

ఇప్పుడు నా నడుముకు మోకు ఉంది. ఎక్కుడులో ఆగినప్పుడల్లా మద్దిలేటి నన్ను చక్రం కింద పెడతాడు. బండి కదిలితే నేను వెనకాలే గరగరలాడుతూ పోతాను. అంచులు అరిగిపోతున్నాయి, నున్నబడుతున్నాను. మా అన్నదమ్ములకు దక్కిన నునుపు నాకు ఇలా దక్కుతోంది.

మొన్న తెల్లవారుజామున అదే మలుపులో టైరు మార్చడానికి ఆగాం. పని అయిపోయింది. మద్దిలేటి తలుపు తీసి సీట్లో కూర్చున్నాడు. కిందనుంచి పక్క చక్రాలున్న మోపెడ్ ఒకటి, వెనక చామంతి మూటలతో వచ్చింది. మా దగ్గరికి వచ్చేసరికి కాస్త నెమ్మదించింది. ఓబుళమ్మ వంగి వెనక చక్రం కింద నన్ను చూసింది, మోకు చూసింది, ఒకసారి హారను కొట్టి పైకి పోయింది. ఆమె దీపం పై మలుపు దాటేదాకా మద్దిలేటి ఇంజను వేయలేదు.