గొంగడి మీద తిట్టరాదు

ఆదివారం పొద్దున ఏడుంబావుకు సక్కుబాయి అరుగు కడిగి, అది ఆరేదాకా గొంగడిని చంకలో పెట్టుకుని గుమ్మంలో నిలబడింది. తడి నేల మీద పరిస్తే ఉన్ని చెమ్మ పీలుస్తుంది. చెమ్మ కత్తులకు పడదు. అరుగు తెల్లబడ్డాక నల్ల గొంగడిని పరిచి, గాలికి లేవకుండా మూలల మీద రాళ్లు పెట్టింది. ఎదురుగా బొంబాయి రోడ్డు ఖాళీగా ఉంది. లారీలు లేవు, బస్సులు లేవు. మళ్లీ బందు.

అది 1969 మే నెల. మదీనాగూడలో అప్పటికి రోడ్డు పక్కన కొన్ని ఇళ్లు, ఒక కల్లు దుకాణం, వాటి వెనక బండరాళ్లు, జొన్న చేలు. ఆ ఊళ్లో కత్తులు పోగు చేసేవాళ్లు ఆదివారం ఆదివారం కూడుతారంటే నగరంలో ఎవరూ నమ్మేవారు కాదు. సక్కుబాయి భర్త పోచయ్య పెట్టిన అలవాటు అది. అతను ఒక నవాబు దేవిడీలో ఆయుధాలు తుడిచే పని చేశాడు. దేవిడీ మూతబడినా ఆ పిచ్చి వదల్లేదు. గురువారం వచ్చిందంటే సైకిలెక్కి జుమ్మేరాత్ బజారుకు వెళ్లి, పాత ఇనుము కుప్పల్లో చేతులు పెట్టి వెతికేవాడు. అతనిలాంటి వాళ్లు ఒక్కొక్కరే అతని అరుగు మీదికి చేరారు. గీత కార్మికుడు, సైకిలు దుకాణం అతను, సర్కారు గుమాస్తా. ఎవరి కత్తి వాళ్లు గొంగడి మీద పెట్టి, ఒకరి దాన్ని ఒకరు తీసి చూసుకుని, చాయ్ తాగి వెళ్లేవాళ్లు.

కత్తిని చేతి నుంచి చేతికి ఇవ్వకూడదు. కింద పెట్టాలి, అవతలివాడు తీసుకోవాలి. ఇంట్లో ఉప్పు ఇచ్చేటప్పుడు పాటించేదే ఇదీను. ఎదుటివాడి కత్తి నకిలీది అనిపిస్తే నకిలీ అనకూడదు. "దీని వయసు తక్కువున్నట్టుంది" అనాలి. అన్నిటికంటే పెద్ద కట్టుబాటు తిట్టకపోవడం. కత్తి గొంగడి మీద ఉండగా దాని యజమాని నోట తిట్టు వస్తే ఆ కత్తి పదును పోతుంది. సానబట్టినా, కొలిమిలో పెట్టి సాగగొట్టినా తిరిగి రాదు. ఎండాకాలం బావులు అడుగంటుతాయని తెలిసినట్టే ఇదీ అందరికీ తెలుసు. గీత కార్మికుడు సాయిలు ఒకసారి తన బావమరిదిని తలుచుకుని నోరు జారాడు. తాత నాటి గీతకత్తి అక్కడికక్కడే మొద్దుబారింది. ఇప్పుడు దాంతో వాళ్లావిడ చింతపండులో గింజలు తీస్తుంది.

పోచయ్య పోయి మూడేళ్లయింది. అప్పటి నుంచి గొంగడి పరిచేదీ, మాట తూలబోయేవాణ్ని ఆపేదీ సక్కుబాయే. తెలంగాణ ఉద్యోగాలు ఇక్కడివాళ్లకే అంటూ ముల్కీ గొడవ మొదలయ్యేదాకా ఆ పని ఆమెకు బరువనిపించలేదు. జనవరి నుంచి మాత్రం దాదాపు ప్రతి వారం ఒక కత్తి పోతూ వచ్చింది. ఉద్యోగాలు మావి అని ఒకరు, చదువు మాది అని ఒకరు. ఆ తర్వాత ఊర్ల పేర్లు, ఆ తర్వాత అమ్మానాన్నలు. కూకట్‌పల్లి పటేలు రాంపురి చాకు పోయింది. విశ్వేశ్వరరావు ఇంజనీరు జంబియా బాకు పోయింది. ఈ గొడవలో కత్తి పోయినవాడు మళ్లీ రాలేదు. చివరికి సక్కుబాయి గట్టిగా చెప్పేసింది. "ఇగ ఈ అరుగు మీద కత్తుల ముచ్చట తప్ప వేరే ముచ్చట లేదు." అప్పటికి మిగిలింది ముగ్గురే.

వాళ్లలో సైకిలు దుకాణం లింగమూర్తి కత్తి అంటే ఆమెకు ప్రాణం. జింక కొమ్ము పిడి, జానెడుకు మించిన ఉక్కు అలుగు, దాని మీద నీటి అలల్లాంటి గీతలు. పోచయ్యకు దొరికినవాటిలో అంత మంచిది ఇంకొకటి లేదు. మంచంలో ఉన్న ఆర్నెల్లూ తనను ఎత్తి కూర్చోబెట్టినందుకు, పోయే ముందు దాన్ని లింగమూర్తి ముందు పెట్టించి తీసుకోమన్నాడు. సక్కుబాయి అప్పుడు ఏమీ అనలేదు. కానీ ఆదివారం ఆదివారం దాన్ని కళ్లారా చూసుకోవడానికే గొంగడి పరుస్తున్నానని ఆమెకు తెలుసు.

ముందుగా సాయిలు వచ్చాడు. నడుముకు కట్టిన మోకు విప్పి మూలన పడేశాడు.

"అక్కా, ఇయ్యాల బందట. కత్తులకు గూడ బందా ఏంది?"

"కత్తులకు లేదు గని, నీ నోటికి బందు. కూసో."

"నా నోటికేమాయె? నా కత్తి ఎప్పుడో సచ్చె. ఇగ నేను ఎవ్వని తిట్టినా ఫికర్ లేదు."

"ఇంకో కత్తి తెచ్చినవు గద. దాన్ని జర చూసుకో."

సాయిలు నవ్వి, కొత్తగా సంపాదించిన వంకర బాకును గొంగడి మీద పెట్టాడు.

ఎనిమిదింటికి చలపతిరావు మూసాపేట నుంచి సైకిలు మీద వచ్చాడు. తెల్ల బుష్‌షర్టు, చేతిలో రుమాలు. గోదావరి జిల్లా వాడు. సర్కారు ఆఫీసులో గుమాస్తా. ఏనుగు దంతం పిడి ఉన్న మడత చాకును తెరిచి, ఇతరుల వైపు మొన రాకుండా జాగ్రత్తగా పెట్టాడు.

"నమస్కారమండి సక్కుబాయి గారు. దారిలో రెండు చోట్ల ఆపారండి. ఏ ఊరని అడిగారు. మూసాపేట అన్నాను. అబద్ధం కాదు కదండీ."

"మంచిగ చెప్పినవు సారు," అంది సక్కుబాయి.

లింగమూర్తి చివర వచ్చాడు. హఫీజ్‌పేట రైలు గేటు దగ్గర అతనికి సైకిలు దుకాణం ఉంది. కొడుకు భిక్షపతి మెట్రిక్ పాసై, చలపతిరావు ఆఫీసులోనే గుమాస్తా పనికి దరఖాస్తు పెట్టుకున్నాడు. ఆ పని చలపతిరావు బావమరిదికి వచ్చింది. పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నట్టు ఆ బావమరిది ముల్కీ కాగితం చూపించాడు. నిజానికి అతను వచ్చి రెండు సంక్రాంతులు కూడా దాటలేదు. భిక్షపతి ఊరేగింపుల్లో కలిశాడు. ఏప్రిల్‌లో లాఠీ దెబ్బకు మోకాలు చితికింది. ఇవన్నీ అరుగు మీద అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

లింగమూర్తి కత్తిని ఒరలోంచి తీసి గొంగడి మీద పెట్టాడు. సక్కుబాయి అలవాటు ప్రకారం చీర కొంగు నుంచి నూలుపోగు తీసి దాని మీదికి వదిలింది. పదును ఉంటే పోగు అంచు మీద వాలి తెగుతుంది. ఆ రోజు వాలకముందే రెండై అటొకటి ఇటొకటి పడింది.

"అబ్బ," అన్నాడు సాయిలు. "రోజురోజుకు పెరుగుతున్నట్టుందే."

సక్కుబాయికి ముచ్చటేసింది. ఇన్ని కత్తులు పోయిన చోట ఇది నిలిచింది, అది తన అదుపు వల్లే అనుకుంది. లింగమూర్తి లోపలికి మింగిన మాటలు ఎటు పోతాయని ఆమె ఆలోచించలేదు.

"భిక్షపతి ఎట్లున్నడు అన్నా?"

"దవాఖాన నుంచే వస్తున్న చెల్లె." లింగమూర్తి గొంతు మామూలుగానే ఉంది. "నిన్న కాలు తీసేసిన్రు. మోకాలు పైకి."

సాయిలు బీడీ ముట్టించబోయి మానేశాడు.

"అయ్యయ్యో. చాలా బాధాకరమండి," అన్నాడు చలపతిరావు. రుమాలుతో మెడ తుడుచుకున్నాడు. అక్కడితో ఆగినా సరిపోయేది. "ఇలాంటప్పుడు అనకూడదు గానీ లింగమూర్తి గారూ, పిల్లలు రోడ్డెక్కకుండా పెద్దవాళ్లే కాస్త ముందు చూసుకోవాలండి. ఉడుకు రక్తం. వాళ్లకేం తెలుస్తుంది."

సక్కుబాయి చలపతిరావు చాకు వైపు చూసింది. అది మెరుస్తూనే ఉంది. అతను ఒక్క చెడ్డ మాట అనలేదు మరి. గొంగడికి మాటలే తెలుసు. వాటి వెనక ఏముందో దానికి పట్టదు.

"రోడ్డెందుకెక్కిండు సారూ?" అన్నాడు లింగమూర్తి. "నౌకరి దొరికితే ఎక్కుతుండెనా?"

"అది అర్హతను బట్టి ఇస్తారండి. నా చేతుల్లో ఏముంది చెప్పండి."

"అర్హత."

"అవునండి."

లింగమూర్తి మెడ మీద నరం లేచింది. చేతులు మోకాళ్ల మీద బిగిశాయి. "నీ..." అన్నాడు. మొదటి మాట బయటికి వచ్చింది. రెండోది నాలుక చివరన ఉంది.

"అన్నా!" సక్కుబాయి చెయ్యి ఎత్తింది. "కత్తి గొంగడి మీద ఉంది."

"అననియ్ అక్కా," అన్నాడు సాయిలు. ఈసారి అతను నవ్వడం లేదు. "కడుపు మండినోడు. ఒక్క కత్తి పోతే పోనియ్. అన్ని లోపల వెట్టుకుంటే మనిషి ఆగమైతడు."

"పోనియ్య. అది ఆయన చేతుల మీద వచ్చిన కత్తి. ఇది గూడ పోతే ఇగ నాకేం మిగులుతది సాయిలూ?"

లింగమూర్తి ఆమె వైపు చూశాడు. తర్వాత కత్తి వైపు. నోరు మూశాడు. గొంతులో ఏదో గట్టి ముద్ద కిందికి దిగడం ముగ్గురికీ కనిపించింది.

"నీ మాట మీద ఊకుంటున్న చెల్లె," అన్నాడు.

చలపతిరావు లేచి తన చాకు మడిచి జేబులో వేసుకున్నాడు. "పరిస్థితులు బాగా లేవు కదండీ. మంగళవారం మా వీరలక్ష్మిని తీసుకుని ఊరికి వెళ్తున్నాను. బస్సులంటే భయం. హఫీజ్‌పేటలో పొద్దుటి ప్యాసింజరు ఎక్కి సికింద్రాబాదు వెళ్తాం. ఇవన్నీ సర్దుకున్నాక వస్తానండి. వచ్చాక అబ్బాయిని చూస్తాను లింగమూర్తి గారూ."

"మంచిది సారు," అన్నాడు లింగమూర్తి.

చలపతిరావు సైకిలు రోడ్డెక్కేదాకా సక్కుబాయి అరుగు అంచున నిలబడింది. లింగమూర్తిని కూడా త్వరగా పంపేయాలనుకుంది. కత్తిని కొంగుతో తుడిచి, ఒరలో పెట్టి, "ఇంటికి పో అన్నా, పండుకో" అంటూ అతని చేతిలో పెట్టింది. అతను తీసుకున్నాడు. వెళ్లిపోయాడు.

"అక్కా," అన్నాడు సాయిలు. "కింద వెట్టకపోతివి."

ఆమె తన అరచేతిని చూసుకుంది. "తొందరల మర్సిన," అంది.

ఆ రోజు ఒక్క కత్తి కూడా పోలేదు. జనవరి తర్వాత కత్తి పోకుండా గడిచిన ఆదివారాలు తక్కువ. సాయంత్రం గొంగడి దులిపి మడత పెడుతూ, పోచయ్య ఉంటే మెచ్చుకునేవాడని సక్కుబాయి అనుకుంది.

మంగళవారం మధ్యాహ్నానికి మదీనాగూడకు వార్త వచ్చింది. హఫీజ్‌పేట స్టేషన్లో చలపతిరావును పొడిచారు. రైలు వచ్చేసరికి ప్రాణం లేదు. పొడిచినవాడు పారిపోలేదు. కత్తిని బల్ల మీద పెట్టి, దాని పక్కనే కూర్చుని, పోలీసులు వచ్చేదాకా ఉన్నాడు. ఒక పోలీసు కత్తి ఇమ్మని చెయ్యి చాపితే, తల అడ్డంగా ఊపి, బల్ల మీద నుంచే తీసుకొమ్మని సైగ చేశాడు.

అక్కడ జరిగింది దగ్గర నుంచి చూసిన మనిషి చలపతిరావు భార్య వీరలక్ష్మి ఒక్కతే. ఆమె చెప్పింది పోలీసులు రాసుకున్నారు. గొడవ జరగలేదు. అరుపులు లేవు. ఆ మనిషి దగ్గరికి వచ్చి, "చలపతిరావు గారూ" అని మర్యాదగా పిలిచాడు. మా వారు కూడా తిరిగి, నమస్కారమండి అన్నారు. ఒక్క తిట్టు కూడా లేదు.

తర్వాతి ఆదివారం సక్కుబాయి అరుగు కడిగింది. గొంగడి మాత్రం తేలేదు. సాయిలు వచ్చి, అలవాటున మోకు మూలన వేసి, ఉత్త నేల మీద కూర్చున్నాడు. పంచనామాకు అతన్ని సాక్షిగా పిలిచారు. చాయ్ ఇచ్చినా ముట్టుకోలేదు.

"చెప్పు," అంది సక్కుబాయి.

"చెప్పుడెందుకు అక్కా."

"చెప్పు సాయిలూ."

అతను చెప్పాడు. చలపతిరావు ఆ పొద్దున ప్రయాణంలో బల్ల మీద పరుచుకోవడానికని ఒక ఉన్ని రగ్గు తీసుకున్నాడు. దాన్ని మడిచి రెండు చేతులతో రొమ్ముకు అదుముకుని నిలబడ్డాడు. కత్తి ఆ రగ్గులోంచే దిగింది. పోలీసులు దాన్ని సాయిలు ముందు విప్పి పరిచారు. మడత మడతకూ ఒక చీలిక, అంతా ఒకే కొలత. ఎక్కడా ఒక్క పోగు పీక్కుపోలేదు. శవాన్ని కోసిన డాక్టరు కూడా ఆ రగ్గును చూశాడు. కత్తి ఏ కొంచెం మొద్దుగా ఉన్నా రెండో మడత దాటేది కాదని రాసిచ్చాడు.