వైకుంఠరావు మింగని మాత్రలు

వైకుంఠరావుకు టీబీ అంటే భయం లేదు. భయమంతా మాత్రలంటేనే. ఊరూరా కిడ్నీ రోగులుండే ఉద్దానంలో పుట్టినవాడికి ఆ జబ్బు భయం ఉగ్గుపాలతోనే వస్తుంది. తమ్ముడు మన్మథరావు పలాసలో డయాలసిస్ మీద ఉండి ఉండి పోయాక, మాత్రలే కిడ్నీలను పాడుచేస్తాయని ఈయన తలనొప్పికి కూడా వాటి జోలికి పోలేదు. అలాంటి మనిషికి టీబీ అని తేల్చి, డాక్టరు నెలల తరబడి రోజూ మాత్రలు మింగమన్నాడు. రక్తపరీక్ష చేసి, కిడ్నీలు బాగానే ఉన్నాయని మరీ చెప్పాడు. వైకుంఠరావు బుద్ధిగా తలూపాడు. తమ్ముడికీ మొదట్లో బాగానే ఉందన్నారు మరి!

కొన్నాళ్లు మింగాడు. దగ్గు తగ్గి, అన్నం సయించి, జీడితోటలో తిరిగే ఓపిక వచ్చేసరికి అతితెలివి కూడా వచ్చింది. భార్య బొడ్డమ్మ మాత్రలిచ్చి ఎదురుగా నిలబడితే, వాటిని బుగ్గన దాచి, నీళ్లు గటగటా తాగి, పెరట్లోకి వెళ్లి ఉమ్మేసేవాడు. ఊళ్లో తగవులు తీర్చే పెద్దమనిషి చేయాల్సిన పనేనా ఇది?

మన్మథరావు కూతురు యామిని విశాఖలో టీబీ మీద పరిశోధన చేసే ల్యాబులో పనిచేస్తోంది. పెదనాన్న కళ్లె పరీక్ష ఫలితం తెలియగానే బస్సెక్కి సోంపేటలో దిగి, ఆటోలో నేరుగా ఇంటికొచ్చింది.

"పురుగు ఇంకా ఉంది పెదనాన్నా. మాత్రలు ఏసుకుంటన్నావా?"

"ఏసుకోకేటే! మీ పెద్దమ్మనడుగు."

"నా ఎదరే మింగుతన్నాడమ్మా. నాను సూత్తనే ఉన్నాను," అంది బొడ్డమ్మ.

యామినికి నమ్మకం కుదరలేదు. అరుగు మీద ఆయన పక్కన కూర్చుని ఫోను తీసింది. "మా ల్యాబులో తీసిన వీడియో. ఒకపాలి సూడు."

తెర మీద బూడిదరంగు ముద్దలు మెల్లగా పాకుతున్నాయి. ఊపిరితిత్తుల్లో కాపలా కాసే కణాలట అవి. ఒకదాని కడుపులో ఎర్రటి పుల్లల్లా టీబీ క్రిములు. తమను మింగిన కణంలోనే అవి కాపురం పెడతాయట. అది బతికుంటేనే వాటి సంతానం పెరిగేది. అందుకని దాన్ని చావనివ్వకుండా నానా తంటాలు పడతాయట.

చూస్తుండగానే ఆ కణం ముడుచుకుంది. ఒళ్లంతా బుడిపెలు లేచి, చిన్న చిన్న మూటలుగా విడిపోయింది. ఎర్రపుల్లలు బయటికి రాలేదు, మూటల్లోనే చిక్కుకున్నాయి. పక్క కణాలొచ్చి ఒక్కో మూటనూ మింగేశాయి. మెల్లగా ఎరుపు మాసిపోయింది.

"మళ్లీ ఎయ్యి," అన్నాడు వైకుంఠరావు. మళ్లీ చూశాడు. పురుగు తొలిచిన జీడిచెట్టును వేళ్లతో సహా పెకలించి తగలబెట్టడం ఆయనకు తెలిసిన పనే. తోట మిగలాలంటే అంతే. కానీ ఇక్కడ గొడ్డలి పట్టినవాడెవడూ కనిపించలేదు.

"దీన్నెవులు సంపినారే?"

"ఎవులూ సంపనేదు. లోపల పురుగుందని తనంతట తానే పోనాది. పోతూపోతూ పక్కవోటికి కబురు కూడా పెడతాది."

"నా ఒంట్లో కూడానా?"

"నీ ఒంట్లోనే. నువ్వు నిద్దరోతన్నా సరే."

ఆయన చెయ్యి తనకు తెలియకుండానే గుండెల మీదికి పోయింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికీ తెలియకుండా, ఇంత జరుగుతోందా తనలో!

"మరి మాత్రలెందుకే?"

"అన్నీ ఇలాగ పద్ధతిగా పోవు పెదనాన్నా. కొన్ని సిట్లిపోతాయి. అప్పుడు పురుగులన్నీ బయటపడి పక్కవోటి మీద పడతాయి. మాత్ర ఆ కణాలకి సాయం. మధ్యలో మానేత్తే మాత్రకి లొంగని పురుగు తయారవుద్ది. పెద్దమ్మకీ అంటుద్ది." "నాన ఎలాగూ పోనాడు. నువ్వు కూడా పోతే నానెవలి దగ్గరికి రావాలి?"

వైకుంఠరావు వీడియోను ఇంకోసారి వేయించుకుని చూశాడు. తర్వాత లేచి దండెం మీది చొక్కా అందుకున్నాడు.

"ఎక్కడికి?" అంది బొడ్డమ్మ.

"ఆస్పత్రికి. ఇన్నాళ్లూ ఉమ్మేసినానని డాక్టరుతో సెప్పాల."

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ యామిని వైపు తిరిగాడు.

"నా కోసం లోపల అన్నేసి సచ్చిపోతన్నాయే," అన్నాడు. "నాను మాత్ర మింగనేనా?"