పడవలో పసుపు స్వెటర్

టీవీలో తన మొహం తానే చూసుకుని చంద్రకళకు ఒళ్ళు జలదరించింది. ఫ్రాన్స్‌లోని కోల్మార్ ఊరి కాలవలో పడవ. రెండు గట్లమీదా రంగురంగుల పాతకాలపు ఇళ్ళు, కిటికీల నిండా ఎర్రపూలు. పడవలో స్నేహితురాలు పద్మిని పక్కన పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ చంద్రకళ. చిక్కల్లా ఒక్కటే. చంద్రకళ ఆ పడవ ఎక్కనేలేదు.

ఆదివారం మధ్యాహ్నం. రిచ్‌మండ్ హిల్‌లో యోగానంద్ గారింటి బేస్‌మెంట్‌లో, జూన్‌లో కలిసి ఫ్రాన్స్ వెళ్ళొచ్చిన నాలుగు కుటుంబాలూ చేరాయి. భోజనాలయ్యాయి. ముందు ఫొటోలు, ఆ తర్వాత వచ్చే ఏడు పోర్చుగల్ ప్లాను.

అసలు ఆ ఊరి పేరు వీళ్ళకు చెప్పిందే చంద్రకళ. నార్త్ యార్క్‌లో పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఆవిడ కుర్చీకి ఎదురుగా గోడమీద ఆ కాలవ ఫొటో ఉంది. తొమ్మిదేళ్ళుగా దాన్ని చూస్తూనే ఫోన్లెత్తింది. ఆ పడవలో ఒక్క అరగంట కూర్చోవాలి, అంతకుమించి ఆవిడ ఏమీ కోరలేదు.

తీరా వెళ్ళాక ఏమైంది? మనవాళ్ళు ఏ దేశం వెళ్ళినా ముందు సర్దేది పాస్‌పోర్టు కాదు, రైస్ కుక్కర్. అద్దెకు తీసుకున్న ఇంట్లో వంటకు వంతులు వేసుకున్నారు. ఆ రోజు వంతు పద్మినిది. ఆ మహాతల్లి తెల్లారగానే తలనొప్పంటూ ముసుగుతన్ని, "అక్కా, ఈ ఒక్కపూట నువ్వు చూడవా? రేపు మనిద్దరం పడవెక్కుదాం" అంది. చంద్రకళ పధ్నాలుగు మందికి పులిహోర కలిపింది, సాంబారు కాచింది, బంగాళాదుంపలు వేయించింది. వంటింటి కిటికీలోంచి ఆవిడకు కనిపించిన కోల్మార్ అంతా వెనక సందులోని చెత్తడబ్బాలే. పదకొండింటికల్లా పద్మిని తలనొప్పి ఎగిరిపోయింది, లిప్‌స్టిక్ రాసుకుని మిగతా ఆడవాళ్ళతో పడవెక్కేసింది. మగాళ్ళు ద్రాక్షతోటల్లో గుడ్డెద్దు చేలో పడ్డట్టు పడి, గ్లాసు మీద గ్లాసు రుచి చూసి, మూడింటికొచ్చి సాంబార్లో ఉప్పు తగ్గిందన్నారు. మర్నాడు పొద్దున ఆరింటికే వ్యాను కదిలిపోయింది.

ఇప్పుడు చూస్తే టీవీలో తను! పడవలో అందరూ ఎండకు చెమటలు కక్కుతూ పల్చటి బట్టల్లో ఉంటే, తనొక్కతే మందపాటి పసుపు స్వెటర్‌లో ఉంది.

భర్త మధుసూదన్ చెవి దగ్గరకు వంగాడు. "ఎలా ఉంది? నువ్వు లేకపోతే బాగోదని నేనే పెట్టా. లాస్ట్ ఇయర్ నయాగరాలో తీసిన ఫొటోలోంచి కట్ చేశా. ఫోన్లో రెండు నిమిషాల పని."

పడవెక్కించడానికి అరగంట దొరకలేదు గానీ, అతికించడానికి రెండు నిమిషాలు దొరికాయి. పైగా మెచ్చుకోమన్నట్టు చూస్తున్నాడు. చంద్రకళకు ఆ మొహం చూడాలంటేనే వెగటు పుట్టింది.

"చంద్రకళ గారు ఆ రోజు భలే ఎంజాయ్ చేశారు కదా!" అన్నారు యోగానంద్.

ఆవిడ పద్మిని వైపు చూసింది. ఒక్క మనిషి, ఒకే ఒక్క మనిషి 'లేదండీ, అక్క ఆ రోజు వంట చేస్తూ ఉండిపోయింది' అంటే చాలు, మిగతాదంతా దిగమింగుకునేది.

పద్మిని పాయసం చెంచా నాకుతూ తెర వైపు చూసింది. "అబ్బ, ఎంత నవ్వించావక్కా! నీళ్ళు మీద పడితే ఎలా అరిచావో!"

అబద్ధమాడుతున్న జంకు ఆ మొహంలో మచ్చుకైనా లేదు. నిజంగానే గుర్తున్నట్టు చెబుతోంది. వండి పెట్టిన మనిషిని మర్చిపోయి, అతికించిన బొమ్మను జ్ఞాపకం పెట్టుకున్నారు. ఛీ, వీళ్ళ కోసమా ఆ పొద్దంతా పొయ్యి దగ్గర నిలబడ్డాను అనుకుంది.

"సరే, పోర్చుగల్ సంగతి చూద్దాం" అన్నారు యోగానంద్ ఉత్సాహంగా. "అన్నం డిపార్ట్‌మెంట్ మాత్రం చంద్రకళ గారిదే. నో ఛేంజ్!"

అందరూ నవ్వారు. చంద్రకళ లేచి, మూలనున్న రైస్ కుక్కర్ ప్లగ్గు పీకింది. ఫ్రాన్స్ వెళ్ళొచ్చిన కుక్కరే అది. దాన్ని తెచ్చి పద్మిని ఒళ్ళో పెట్టింది.

"నన్ను పడవలో అతికించారుగా. పోర్చుగల్‌లో కంచాల్లో అన్నం కూడా అలాగే అతికించుకోండి."

"చంద్రా! ఏంటిది, అందరి ముందూ?" అన్నాడు మధుసూదన్.

"మీ పక్కన కూర్చోడానికి ఆ స్వెటర్ చాలు, దాన్ని తీసుకెళ్ళండి. నేను కోల్మార్ వెళ్తున్నా. ఒక్కదాన్నే."

ఆవిడ మెట్లెక్కి పైకొచ్చి తలుపు దగ్గర బూట్లు వేసుకుంటూ ఉంటే, కిందనుంచి పద్మిని గొంతు వినిపించింది.

"అదేంటి, ఆ రోజు అక్క పడవ ఎక్కలేదా?"