జర నయం సార్

రోగం నయమైందని రిజిస్టర్లో ఎక్కిన కొమురెల్లి, గని దవాఖాన ఏడో మెట్టు మీద పెదవులు నల్లబడి, ఊపిరందక కూలబడి ఉన్నాడు.

నర్సు రషీదా అతణ్ని లేపి వరండాలో కూర్చోబెట్టింది. రిజిస్టర్లో ఆ మాట ఉంటే చాలు, సోమవారం అతను మళ్లీ బొగ్గుబాయిలోకి దిగాల్సిందే. దిగితే పైకి రాడు.

డాక్టర్ లింగమూర్తి చేసిన పరీక్ష ఆమెకు తెలుసు. ఏళ్ల తరబడి ఆయాసంతో ఉన్న కార్మికులు నలభై మంది. ఇరవై మందికి మందులు మాత్రమే. మిగతా ఇరవై మందికి మందులతో పాటు, రెండు నెలలు తన గదిలో చాయ్ ఇచ్చి, గుండెల్లో భయం పోయేలా మాటలు. ఆఖర్న ఎలా ఉందని అందర్నీ ఆయనే అడిగాడు, నయమో కాదో ఆయనే తేల్చాడు. మాటల వాళ్లలో పదహారు మందికి నయం. మందుల వాళ్లలో ముగ్గురికే.

"నయమైందని ఎందుకు చెప్పినవన్నా?"

"నేనట్ల అనలే చెల్లె. జర నయం సార్ అన్న. రెండు నెల్లు ఎదురుంగ కూసోబెట్టుకొని చాయ్ పోసినోని మొఖం మీద, ఏం నయం కాలేదని ఎట్లంటం?"

"ఇరవై ఏండ్ల సంది నేను పోస్తున్న. నాకాడ గింత మర్యాద ఎన్నడు లేకపాయె," అంది పక్కనున్న భార్య సారక్క.

రషీదా రిజిస్టర్ తీసింది. రోగి అన్న మాట ఒక గడిలో, డాక్టర్ తీర్పు పక్క గడిలో ఉన్నాయి. నలభై మంది మాటల్ని నలభై చీటీల మీద ఎక్కించింది. పేరు లేదు, ఎవరు ఏ జట్టో లేదు. వెనక అంకె మాత్రం వేసి, డాక్టర్ ముందు పెట్టింది.

"ఎవరియి గివి?"

"అది చెప్ప సార్. నయమో కాదో రాయుండ్రి, చాలు."

లింగమూర్తి నవ్వుతూనే చకచకా రాసేశాడు. ఆమె అంకెలు సరిచూసింది. ఈసారి నయమైంది మాటల వాళ్లలో నలుగురు. మందుల వాళ్లలో నలుగురు.

తర్వాత రెండు చీటీలు పక్కపక్కన పెట్టింది. ఒకటి కొమురెల్లిది, రెండోది మందుల జట్టులోని రాయమల్లుది. రెండింటి మీదా ఒకే మాట: జర నయం సార్. రెండింటి కిందా ఆయన ఇప్పుడే రాసింది: కాలేదు. రిజిస్టర్లో మాత్రం మొదటివాడికి నయమైంది, రెండోవాడికి కాలేదు.

లింగమూర్తి కలం తీశాడు. రిజిస్టర్లో కొమురెల్లి పేరు ఎదుట "నయమైంది" కొట్టేసి, "బాయి పనికి పంపరాదు" అని రాసి సంతకం పెట్టాడు.

"తెలిసి అబద్ధం రాయలే రషీదా. కానీ ఎవరు నా గదిల కూసున్నరో నాకెరుకే. నావాడు జర నయం అంటే నయమైందని రాసిన. రాయమల్లు గదే మాటంటే కాలేదని రాసిన. నా వైద్యం గెలవాలె అనుకున్నది నేనే, తీర్పు చెప్పింది నేనే. కొమురెల్లిని సావుకు దింపబోయింది గూడ నేనే."