రెండే స్క్రూలు

ఆ ఆదివారం చర్చిలో వడ్రంగికి తల ఎత్తబుద్ధి కాలేదు. పాస్టరుగారు ప్రసంగం మధ్యలో ఆగి, "ప్రేమంటే ఏంటో తెలియాలంటే మన వడ్రంగిని చూడండి. సరిగా నడవలేని వదినని పదకొండేళ్లుగా కంటికి రెప్పలా చూసుకుంటున్నాడు" అన్నారు. అందరూ వెనక్కి తిరిగి చూశారు. అతనికి బెంచీ కింద దూరిపోదామనిపించింది.

ఆమె కాలు అలా అయింది అతని వల్లే. అన్న బతికున్న రోజుల్లో వాళ్ల మేడమెట్లకి చేతికమ్మీ బిగించింది తనే. ఇంకోచోట పనుందన్న తొందరలో నాలుగు స్క్రూలు పట్టాల్సిన చోట రెండే పెట్టి, మిగతా కన్నాల్లో లప్పం కూరి రంగు పూసేశాడు. నెల తిరక్కుండా కమ్మీ ఊడింది. పైమెట్టు మీంచి పడ్డ వదినకి తుంటి విరిగింది. "చెక్కలో చెద ఉంది, నాకేం తెలుసు" అన్నాడప్పుడు. అక్కడితో ఆగినా బాగుండేది. "వదిన కూడా కాస్త భారంగా ఆనుకుందేమో" అని కూడా అన్నాడు.

అప్పట్నుంచి ఆ ఇంట్లో తలుపు కిర్రుమన్నా, కుళాయి కారినా తనే వెళ్లేవాడు. అన్న పోయాక మరీను. పని చేసిన ప్రతిసారీ తప్పు కాస్త అరిగినట్టుండేది. మర్నాటికి మళ్లీ మునుపటంతే ఉండేది.

చర్చి నుంచి వదినని ఇంటికి తీసుకొచ్చి, ఆమె చెప్పులైనా విప్పకముందే, గుమ్మంలో నిలబడి నేల చూస్తూ అంతా చెప్పేశాడు.

"నాకు తెలుసు" అంది వదిన, కుర్చీలో కూలబడుతూ. "కమ్మీ నా పక్కనే పడింది. లప్పం ఊడి ఖాళీ కన్నాలు కనపడుతూనే ఉన్నాయి."

"అన్నయ్యకి చెప్పారా?"

"లేదు. వారం రోజులు ఏడ్చాను. ఆ తర్వాత, దేవుడు నాలో ఏం చూసి నన్ను క్షమించాడా అని ఆలోచించాను. ఏమీ కనపడలేదు. ఆస్పత్రిలోనే నిన్ను క్షమించేశాను."

"నాకొక్క మాట చెప్పుండాల్సింది వదినా."

"నేను నోరు తెరిస్తే చాలు, స్క్రూడ్రైవర్ పట్టుకుని ఏదో మూలకి పోయేవాడివి. నిజం చెప్పొద్దూ, పనులు జరిగిపోతున్నాయి కదా అని నేనూ ఊరుకున్నా."

అతనికి నవ్వు రాలేదు. ఆమె ఎప్పుడో ఊరికే ఇచ్చేసిన క్షమ కోసం ఇన్నేళ్లూ చెమటోడ్చాడు. అంతకంటే సిగ్గు ఏంటంటే, ఆ చెమట చూసుకుని లోలోపల మురిసిపోయాడు కూడా.

"వంటింటి కిటికీ రెక్క వదులైంది, చూస్తా" అంటూ లోపలికి అడుగేశాడు.

"ఈరోజు ఏ పనీ లేదు. కూర్చోవయ్యా."

కూర్చున్నాడు. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లింది. టీ కాచి, ఒక చేత్తో కర్ర, ఇంకో చేత్తో గ్లాసు పట్టుకుని, కుంటుకుంటూ వచ్చింది. అందుకోబోతే కళ్లతోనే వారించింది. ఆ పది అడుగులూ చూస్తూ కూర్చోవడమంత కష్టమైన పని అతను జీవితంలో చేయలేదు.

టీలో చక్కెర ఎక్కువైంది. అయినా తల దించుకుని మొత్తం తాగాడు.