పెంటప్ప చాల్

తెగిన పోగు కొసను వేళ్ళతో వెతికి పట్టుకుని, ముడి వేసి, మిగిలిన తోకను పంటితో కొరికేసి, పెంటప్ప మళ్ళీ కండెలు చుట్టే మిషన్‌ను తిప్పాడు. డెబ్భై మూడేళ్ళ మనిషి. చూపుడువేలు మీద దారం కోసిన గాట్లు సన్నగా వరసలు తేలి ఉంటాయి. కుమఠా నాకా షెడ్డులో పవర్‌లూముల మోత ఎడమ చెవిని ఎప్పుడో తినేసింది. కుడి చెవి మాత్రం క్లారినెట్ కోసం దాచిపెట్టినట్టు బాగానే ఉంది.

పెళ్ళిళ్ళ కాలంలో ఆయన బ్యాండులో క్లారినెట్ వాయిస్తాడు. ఈ మరాఠీ ఊళ్ళో బాణీని చాల్ అంటారు. ఊరేగింపు అశోక్ చౌక్ దాటగానే బ్యాండువాళ్ళు ఒక మార్చ్ ఎత్తుకుంటారు. మొదటి సగం సిపాయిల నడకలా దడదడమంటుంది. రెండో సగం వచ్చేసరికి నెమ్మదించి, గడపల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళు తలలెత్తి చూసేలా మెత్తబడుతుంది. దాని పేరు పెంటప్ప చాల్. యాభై ఏళ్ళుగా అదే పేరు. ఆ పేరు విన్నప్పుడల్లా పెంటప్ప తల వంచుకునేవాడు. ఎంత వినయమో అని జనం మెచ్చుకునేవారు.

మధ్యాహ్నం షిఫ్టు దిగి భవాని పేట్‌లో ఇంటికి వచ్చేసరికి మంగేశ్ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒకప్పటి బ్యాండు మాస్టరు గంగాధర్ మనవడు. ఇప్పుడు బ్యాండు అతనిదే. మర్నాడు మార్కండేయ రథోత్సవం. రథం ముందు నడిచే బ్యాండు బండికి కట్టే బ్యానరు ఫోనులో చూపించాడు. పెంటప్ప ఫొటో, దాని కింద పెద్ద అక్షరాలతో పేరు.

"ఎట్లుంది కాకా? నువ్వు పక్కా అంటే ప్రెస్‌కు పంపుత."

పెంటప్ప ఫోనును పక్కకు జరిపాడు.

"నా పేరు తీసెయ్‌రా మంగేశ్. గా చాల్ నాది కాదు."

"ఏంది కాకా, మజాక్ చేస్తున్నవా?"

పెంటప్ప లోపలికి వెళ్ళి క్లారినెట్ పెట్టె తెచ్చాడు. అడుగున పరిచిన గుడ్డ కింద ఒక పాత అచ్చు కాగితం ఉంది. ఏదో మిల్లు బ్యాండు మూతపడ్డప్పుడు పాత సామానులో గంగాధర్ మాస్టరుకు దొరికిన కాగితం అది. పైన ఇంగ్లీషులో 'అమెరికన్ మార్చ్' అని ఉంది. కట్టినవాడి పేరుండే మూలను ఎలుకలు కొట్టేశాయి. కింది సగం చిరిగిపోయింది. మాస్టరు ఉన్నంత మేరకు నేర్పి, "మిగిలింది నువ్వే కట్టురా" అన్నాడు. ఇరవై రెండేళ్ళ పెంటప్ప వారం రోజులు తంటాలుపడ్డా ఒక్క ముక్క రాలేదు.

"మీ సుశీల కాకు కట్టింది," అన్నాడు పెంటప్ప భార్యను తలుచుకుని. "చాట ఒళ్ళె పెట్టుకొని, బీడీల ఆకు కత్తిరిచ్చుకుంట, నా తిప్పలు ఇని ఊకెనే కూనిరాగం అందుకున్నది. నేను గదే వాయించిన. ఎవరు కట్టిన్రని మీ తాత అడిగిండు. కొత్తగా పెండ్లయింది. పెండ్లాం కట్టిందంటె నవ్వుతరని నోరు మూసుకున్న."

"కాకు ఏమనలేదా?"

"నవ్వింది. గంతే. సచ్చిపోయేదాంక ఒక్కనాడు అడగలేదు." సుశీల పోయి ఆరేళ్ళు.

మంగేశ్‌కు నమ్మకం చిక్కలేదు. "ఒకవేళ అసలు మార్చ్‌ల గూడ గట్లనే ఉందేమో కాకా. కాకు ఎక్కడన్న ఇన్నదేమో."

పెంటప్పను యాభై ఏళ్ళుగా కొరుకుతున్న భయం కూడా అదే. ఆమెకు మిగిలింది ఆ సగమే. అదీ ఆమెది కాదని తేలితే?

మనవరాలు మేఘన గడపలో నిలబడి అంతా వింటోంది. "జరంత వాయించు తాతా, ఫోన్ దేవులాడుతది," అంది. పెంటప్ప మొదటి సగం వాయించాడు. ఫోను దొరకబట్టింది. ఎర్ర కోట్ల అమెరికా బ్యాండొకటి తెరమీద నిలబడింది. ఆయన చిన్ననాడు నేర్చిన స్వరాలే దడదడా నడిచివచ్చాయి. కాగితం చిరిగిన చోటు దగ్గరపడుతుంటే పెంటప్ప కుడి చెవిని ఫోనుకు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

రెండో సగం వచ్చింది. అది ఇంకా గట్టిగా, ఇంకా వేగంగా, తాళాలు మోగించుకుంటూ ఎటో వెళ్ళిపోయింది. సుశీల దాన్లో ఎక్కడా లేదు.

పెంటప్ప కళ్ళు తుడుచుకున్నాడు. "వాళ్ళది గూడ మంచిగనే ఉంది," అన్నాడు. "కానీ మా సుశీలదే మంచిగుంది."

"కట్టినాయన పేరు గూడ ఉంది తాతా," అని మేఘన చదివి వినిపించింది. ఆయనకు నోరు తిరగలేదు.

"ఆయన ఇంట్ల గూడ ఎవరన్న కూనిరాగం తీసిన్రేమో. మనకేమెరుక?" అని నవ్వాడు. ఆయన అంత తేలిగ్గా నవ్వగా మేఘన ఎన్నడూ చూడలేదు.

మంగేశ్ లేచాడు. "కాకు ఫొటో ఇయ్యి కాకా." ఇంట్లో ఒక్కటే ఉంది, ఒళ్ళో చాటతో తీసినది. ఫోనుతో దాన్ని ఫొటో తీసుకుని వెళ్ళాడు. తర్వాత పెంటప్ప మనవరాలిని గమ్ము, పెన్నూ అడిగి తీసుకుని, గోడకు జారగిలబడి కూర్చున్నాడు.

నాలుగింటికి మేఘన చాయ్ తెచ్చింది. తాత అలాగే కూర్చుని ఉన్నాడు. క్లారినెట్ ఒళ్ళో ఉంది, వేళ్ళు దాని రంధ్రాల మీదే ఉన్నాయి. రెండుసార్లు పిలిచి, చెయ్యి పట్టుకుని చూసింది. చల్లగా ఉంది.

మర్నాడు పొద్దున్నే ఆయన్ని సాగనంపారు. మధ్యాహ్నం రథం వచ్చినప్పుడు బ్యాండు బండి ఆ ఇంటిముందు ఆగింది. దాని బ్యానరు మీద ఒళ్ళో చాటతో సుశీల ఉంది. మంగేశ్ చెయ్యి ఎత్తాడు, చాల్ మొదలైంది. రెండో సగానికి వచ్చేసరికి వీధిలో ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. మేఘన ఏడుపు ఆపుకోలేక లోపలికి వెళ్ళి క్లారినెట్ పెట్టె తెరిచింది.

లోపల ఆ పాత కాగితం ఉంది. చిరిగిన అంచుకు నూలు చుట్టే కోన్ మీది కాగితం ముక్క ఒకటి కొత్తగా అతికించి ఉంది. దానిమీద వంకర తెలుగు అక్షరాలు: ఇక్కడ్నించి సుశీల.